మెదక్‌లో హోమ్ సర్వర్: ప్రాసెసర్ కంటే ముందు కరెంటు సంగతి చూడండి

గూగుల్ ఫొటోస్‌లో అన్‌లిమిటెడ్ ఫ్రీ స్టోరేజ్ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఫ్రీగా వచ్చే 15 జీబీ నిండాక నెలనెలా డబ్బు కట్టడం ఇష్టం లేక ఇంట్లోనే సర్వర్ పెట్టుకుంటున్న కుర్రాళ్లు ఉన్నారు. ఫొటోలకు ఇమ్మిచ్, సినిమాలకు జెల్లీఫిన్, అన్నింటికీ అడుగున ప్రాక్స్‌మాక్స్. తర్వాత అప్‌గ్రేడ్ అనగానే అందరి కళ్లూ ప్రాసెసర్ మీదే. కానీ మెదక్ లాంటి టౌన్‌లో సర్వర్‌ని దెబ్బతీసేవి కరెంటు కోత, ఎండ, పిడుగు. కాబట్టి డబ్బులు ఈ వరుసలో పెట్టండి.

1. పాత డెస్క్‌టాప్‌కి సెలవు

60 వాట్లు లాగే డెస్క్‌టాప్ 24 గంటలూ నడిస్తే నెలకు 43 యూనిట్లు. 8వ జనరేషన్ ఇంటెల్ ఉన్న రీఫర్బిష్డ్ మినీ పీసీ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 10 వాట్లతో సరిపెట్టుకుంటుంది. అంటే 7 యూనిట్లు. గృహజ్యోతి జీరో బిల్లు వచ్చే ఇంట్లో ఈ తేడా చాలా పెద్దది. వాడకం 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఇలాంటి మినీ పీసీల కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఓ రౌండ్ వేయండి.

2. కరెంటు పోయినా పడిపోకుండా

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక ఉన్న స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలోనే సర్వర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. కొత్తగా యూపీఎస్ కొంటే యూఎస్‌బీ డేటా పోర్ట్ ఉన్నదే తీసుకోండి. ఎన్‌యూటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్యాటరీ అయిపోకముందే సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేస్తుంది. కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అవ్వాలంటే బయోస్‌లో ఏసీ పవర్ రికవరీ ఆప్షన్‌ని 'పవర్ ఆన్'కి మార్చండి. రౌటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ చాలు. రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టేజ్ చూసుకుని కొనండి.

3. ఎండ, పిడుగు

సర్వర్‌ని సజ్జ మీద పెట్టకండి. మేలో స్లాబ్ కిందే వేడంతా. నేలకు దగ్గరగా, గాలి ఆడే చోట పెట్టండి. సెకండ్‌హ్యాండ్ మెషీన్ అయితే దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చండి. సర్జ్ ప్రొటెక్టర్ సరిగా పనిచేయాలంటే ఎర్తింగ్ బాగుండాలి. ఎండాకాలం ఎర్త్ గుంట ఎండిపోతుంది, అప్పుడప్పుడూ నీళ్లు పోయండి. ఉరుములు మొదలవకముందే సర్వర్ షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసేయడమే మంచిది.

4. మెమరీ కార్డు వద్దు

రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లు మెమరీ కార్డు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారండి. డేటా రాస్తుండగా కరెంటు పోతే కార్డు పాడవడం మామూలే. నెలకోసారి స్మార్ట్ టెస్ట్ నడిపి డిస్క్ ఆరోగ్యం చూడండి.

5. బయటి నుంచి కనెక్ట్ కావట్లేదా?

రౌటర్ పేజీలో వాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు చేసినా దండగే. సర్వర్‌లోనూ ఫోన్‌లోనూ టెయిల్‌స్కేల్ వేసుకుంటే హైదరాబాద్ హాస్టల్ నుంచి కూడా మెదక్ ఇంటి సర్వర్ ఓపెన్ అవుతుంది.

6. రెయిడ్ అంటే బ్యాకప్ కాదు

ఒకే డబ్బాలో ఉన్న రెండు డిస్కులూ ఒకే పిడుగుకి పోవచ్చు. ఒక కాపీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, ఇంకోటి వేరే ఊళ్లో చుట్టాలింట్లో ఉంచండి.

ఇవన్నీ అయ్యాక ఒక ఆదివారం మెయిన్ స్విచ్ ఆపి చూడండి. సర్వర్ తనంతట తాను ఆగి, మళ్లీ లేస్తే ఒక పరీక్ష పాసైనట్టే. ఆ తర్వాత అమ్మానాన్నల పెళ్లి ఫొటో ఒకటి బ్యాకప్ డిస్క్ నుంచి వెనక్కి తెచ్చి తెరవండి. అది తెరుచుకున్నాకే కొత్త ప్రాసెసర్ గురించి ఆలోచించండి.