పళ్ళ క్లిప్పులు – తొందరపెట్టే చిన్న శస్త్రచికిత్సలు

గత ఏడాది నా పాత శిష్యురాలు ఒకరు తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. డిగ్రీ పూర్తయింది, ఎనిమిది నెలల్లో నిఖా. ఎత్తుపళ్ళు సరిచేయాలంటే క్లిప్పులతో దాదాపు రెండేళ్ళు పడుతుందని ఒక డాక్టరు చెప్పారట. చిగురు దగ్గర చిన్న గాటు పెడితే సగం కాలంలోనే అయిపోతుందని ఇంకొకరు అన్నారట. "సార్, ఎముకల పాఠం మాకు మీరే చెప్పారు కదా, ఇది నిజమేనా?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి, తెలిసిన దంతవైద్యులను అడిగి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందు పన్ను ఎలా కదులుతుందో చూద్దాం. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు పావు మిల్లీమీటరు మందం గల మెత్తని పొర ఉంటుంది. క్లిప్పు తీగ పన్నును ఒక పక్కకు నెట్టినప్పుడు, ఒత్తిడి పడిన వైపు ఎముకను కరిగించే కణాలు చేరతాయి. వీటిని ఆస్టియోక్లాస్టులు అంటారు. వెనక ఖాళీ అయిన వైపు ఆస్టియోబ్లాస్టులనే కణాలు కొత్త ఎముక కడతాయి. అంటే ముందు తవ్వడం, వెనక పూడ్చడం. ఈ పని నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే సాగుతుంది.

మరి తీగను ఇంకా గట్టిగా బిగిస్తే? తరగతిలో పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఒత్తిడి మితిమీరితే ఆ పొరలోని రక్తనాళాలు నలిగిపోతాయి. రక్తం అందక కణాల పని ఆగుతుంది, పన్ను అక్కడే నిలబడిపోతుంది. వేరు కొసలు అరిగే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి బలం పెంచి లాభం లేదు, ఎముకనే కొంత మెత్తబరచాలి. శస్త్రచికిత్స ఆలోచన ఇక్కడే పుట్టింది.

1959లో హైన్రిష్ కోలె అనే వైద్యుడు పళ్ళ మధ్య గట్టి ఎముక పొరను కోసి, తర్వాత పళ్ళను కదిలించారు. ఎముక ముక్క పన్నుతో సహా జరుగుతోందని ఆయన అనుకున్నారు. అసలు కారణం వేరు. ఎముకకు గాయమైతే ఆ చుట్టుపక్కల కరగడం, కట్టడం రెండూ మామూలు కంటే ఎన్నో రెట్లు వేగంగా జరుగుతాయని అమెరికాకు చెందిన ఎముకల వైద్యుడు హెరాల్డ్ ఫ్రాస్ట్ 1983లో వివరించారు. విరిగిన చెయ్యి అతుక్కునేటప్పుడు జరిగేదీ అదే. 2001లో విల్కో సోదరులు స్కాన్ల ద్వారా దవడలోనూ ఇదే జరుగుతోందని చూపారు. కోసిన చోట ఎముకలోని ఖనిజం కొంతకాలం తగ్గి, మళ్ళీ చేరుతోంది. ఆ మెత్తదనంలో పన్ను సులువుగా కదులుతోంది.

విల్కో సోదరుల పద్ధతిలో చిగురును పైకి లేపి, ఎముకపై గాళ్ళు గీసి, పైన ఎముక పొడి వేసి కుడతారు. కొద్ది రోజులు వాపు తప్పదు. ఇది పెద్దదిగా అనిపించి 2009లో సెర్జ్ డిబార్ట్ బృందం పీజోసిజన్ తెచ్చింది. పళ్ళ మధ్య చిగురుపై చిన్న నిలువు గాట్లు పెట్టి, అతిధ్వని కంపనాలతో పనిచేసే సన్నని కత్తితో ఎముకను కొద్దిగా గీస్తారు. ఈ కత్తి గట్టి ఎముకను కోస్తుంది గానీ మెత్తని కండను అంతగా గాయపరచదు. ఇంకా చిన్నది, చిగురు మీదుగానే ఎముకలో రెండు మూడు సన్నని రంధ్రాలు చేసే పద్ధతి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కుర్చీలోనే కొద్ది నిమిషాల్లో ముగిస్తారు.

పని చేస్తాయా? రంధ్రాల పద్ధతిపై 2013లో న్యూయార్క్ పరిశోధకులు 20 మందిని పరిశీలించి, కోరపన్ను వేగం రెండింతలకు పైగా పెరిగిందని రాశారు. ఆ వార్తే క్లినిక్‌ల ప్రకటనల్లోకి ఎక్కింది. 2018లో జోర్డాన్‌లో 32 మందికి నోటిలో ఒక వైపు మాత్రమే రంధ్రాలు చేసి, రెండో వైపుతో పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కోత ఎక్కువగా ఉండే పద్ధతుల్లో వేగం పెరుగుదల స్పష్టంగా కనిపిస్తుంది, కానీ అదీ కొద్ది నెలలే. గాయం మానుతున్న కొద్దీ ఎముక మళ్ళీ గట్టిపడుతుంది.

ఇక్కడ నల్లబల్ల మీద వేసే లెక్క ఒకటి చెప్పాలి. పన్ను తీసిన ఖాళీ ఏడు మిల్లీమీటర్లు అనుకుందాం. మామూలుగా ఏడు నెలలు. మొదటి మూడు నెలలు వేగం రెట్టింపైతే ఆరు మిల్లీమీటర్లు, మిగిలినదానికి ఇంకో నెల, మొత్తం నాలుగు. మిగిలింది మూడు నెలలు. చికిత్స అంటే ఖాళీ పూడ్చడం ఒక్కటే కాదు. వంకరలు సరిచేయాలి, పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కూర్చోవాలి. ఇరవై నెలల పని పదిహేడుకు రావచ్చు. "సగం కాలం" అన్న మాట నాకు నమ్మబుద్ధి కాలేదు.

పైగా ఆ కొద్ది నెలల్లో రెండు వారాలకోసారైనా డాక్టరు దగ్గరకు వెళ్ళి తీగ సవరించుకోవాలి. గల్ఫ్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చి, గాటు పెట్టించుకొని విమానం ఎక్కేవారికి డబ్బూ నొప్పీ మాత్రమే మిగులుతాయి. చిగుళ్ళ జబ్బు ఉన్నవారు, అదుపులో లేని షుగర్ ఉన్నవారు, సిగరెట్, గుట్కా మాననివారు, ఎముకల బలానికి బిస్‌ఫాస్ఫోనేట్ మందులు వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వేర్లు దగ్గరగా ఉంటే కత్తి తగిలే ప్రమాదం ఉంది, ఎక్స్‌రే లేకుండా ఒప్పుకోవద్దు. ఆ తర్వాత నొప్పికి మెడికల్ షాపులో తోచిన మాత్ర కొనకండి. వాపు తగ్గించే ఐబుప్రొఫెన్ రకం మాత్రలు పన్ను కదలికనూ తగ్గించవచ్చు. అందుకే చాలామంది డాక్టర్లు పారాసిటమాల్ రాస్తారు. ఎదిగే పిల్లల ఎముక సహజంగానే చురుగ్గా మారుతుంది కనుక వారికి ఈ కోతల అవసరం సాధారణంగా ఉండదు.

పెద్దవారిలో, చిగుళ్ళు ఆరోగ్యంగా ఉండి, డాక్టరు దగ్గరకు తరచూ వెళ్ళగలిగితే ఆలోచించదగిన మార్గమే. కానీ ముందు అడగాల్సినవి ఉన్నాయి: నా విషయంలో ఎన్ని నెలలు తగ్గుతాయి, ఎంత అదనపు ఖర్చు, తర్వాత రిటైనర్ ఎన్నాళ్ళు? త్వరగా కదిలిన పన్నూ రిటైనర్ లేకపోతే వెనక్కి జరుగుతుంది.

మా అమ్మాయి ఈ లెక్క విని కాసేపు తల్లి ముఖం చూసింది. చివరికి ముందు పళ్ళకు పంటి రంగులో ఉండే సిరామిక్ క్లిప్పులు, వెనక మామూలువి వేయించుకుంది. నిఖా వాటితోనే జరిగింది. ఇప్పుడు పద్నాలుగో నెల నడుస్తోంది.