వల వేసింది పోలీసులే అయితే?

ఏసీబీ వలకి ఎవరైనా చిక్కారంటే ఆ వార్త షేర్ చేయకుండా ఉండలేం కదా! పొడి పూసిన నోట్లు, సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచగానే గులాబీ రంగు తేలే వేళ్లు... నేనూ బోలెడన్ని షేర్ చేశా. లా చదువుతూ ఒక అమెరికా అప్పీలు తీర్పు చదివాకే చిన్న డౌటు మొదలైంది. అసలు లంచం అడగనివాడి చేతిలో నోట్లు కుక్కి పట్టుకుంటే?

ఆ కేసు తొంభైల నాటిది. విడాకులై ఒంటరిగా ఉన్న ఒక మాజీ ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగి ఆన్‌లైన్ గ్రూపుల్లో తోడు కోసం వెతుకుతున్నాడు. ‘షారన్’ అనే ముగ్గురు పిల్లల తల్లితో ఈ-మెయిల్ పరిచయం. నా పిల్లలకి ఒక ‘స్పెషల్ టీచర్’ కావాలంటుంది ఆమె. ఇతను తండ్రిలా చూసుకుంటానన్నాడు, పెళ్లికీ సిద్ధమేనన్నాడు. అది కాదు నాకు కావాల్సింది, అయితే సెలవు అంటుంది. ఇతను బతిమాలుతాడు. ఇలా నెలల తరబడి. చివరికి ఆమె కోరిన చెత్తంతా ఇతనే రాశాడు. ఫ్లోరిడా నుంచి కాలిఫోర్నియా దాకా వెళ్లాడు కూడా. అక్కడ అరెస్టు. షారన్ పోలీసు! ఫెడరల్ కోర్టులో పడిన శిక్ష 121 నెలలు.

మా అక్కకి చెప్తే మండిపడింది. “వెళ్లాడా లేదా? ఇద్దరు పిల్లల తల్లిని రా నేను, నాకు చట్టాలు చెప్పకు.”

నిజం చెప్పాలంటే నాకు వెంటనే జవాబు తట్టలేదు. పైగా ఆ మెయిల్స్ గురించి చదివితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

అప్పీలు కోర్టు మాత్రం మెయిల్స్‌ని వరసలో పెట్టి చూసింది. చెడు మాట ముందు ఎవరు ఎత్తారు? పోలీసు కలవకముందే ఇతనికి ఆ బుద్ధి ఉందా? 1992లో జేకబ్‌సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నెబ్రాస్కా రైతు ఒకాయనకి ప్రభుత్వ సంస్థలు రెండేళ్లకు పైగా మారుపేర్లతో ఉత్తరాలు రాసి, చివరికి నేరం చేయించాయి. ప్రభుత్వం కలగజేసుకోకముందే అతనికి ఆ ఉద్దేశం ఉందని ప్రాసిక్యూషనే రుజువు చేయాలంది కోర్టు. షారన్ కేసులో ఆ రుజువు దొరకలేదు. 2000లో శిక్ష కొట్టేశారు. అదీ ఏకగ్రీవం కాదు, ముగ్గురు జడ్జిల్లో ఒకరు ఒప్పుకోలేదు.

అలాగని ఆన్‌లైన్‌లో దొరికిన ప్రతివాడూ ‘నన్ను ఇరికించారు’ అంటే చెల్లదు. కెనడాలో పోలీసులు ఒక వెబ్‌సైట్‌లో దొంగ ప్రకటనలు పెట్టి చాలామందిని పట్టుకున్నారు. 2022లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పద్ధతి తప్పు కాదంది. సైట్ మొత్తం మీద కాకుండా, అనుమానానికి కారణమున్న ఒక్క రకం ప్రకటనల దగ్గరే వల వేశారు కాబట్టి.

మన దగ్గరో? ఎంట్రాప్‌మెంట్ అని విడిగా సెక్షనేం లేదు. తప్పు చేయకూడదని గట్టిగా అనుకున్నవాణ్ని రెచ్చగొట్టడాన్ని మాత్రం మన సుప్రీంకోర్టు 1956లోనే తప్పుపట్టింది.

ఇంకో మాట. ఇలాంటి కేసుల్లో ముందూ వెనకా లేని స్క్రీన్‌షాట్ దేనికీ పనికిరాదు, మొత్తం చాట్ కావాలి. భయపడి పాత మెసేజ్‌లు డిలీట్ చేస్తే ముందు ఎవరు అడిగారో తేల్చే సాక్ష్యమే పోతుంది.

మొన్న అక్కే ఫోన్ చేసింది.

“ఆ షారన్ రాసినవి కూడా కోర్టులో చదివారా?”

“అన్నీ చదివారక్కా.”

“ఆమె మాత్రం అలా రాయొచ్చా ఏంటి!” అని, కాసేపాగి, “అయినా వాణ్ని మా ఇంటి చుట్టుపక్కలకి రానివ్వను” అంది.