కొందరి ఫోనులనే కూల్చిన అక్షరము

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ను పోలిన ఒక వర్ణక్రమము సందేశమున చేరినంతనే, ఐఫోనులలో దానిని చూపబోయిన ప్రోగ్రాములు స్తంభించి కూలిపోయినవి, అయినను ‘జ్ఞానము’ అని యథావిధిగా టైపు చేయువారికి ఆ భయ మక్కరలేకపోయెను. ఏలయన, ‘జ్ఞ’కును దీర్ఘమునకును నడుమ కంటికి కానరాని, వెడల్పే లేని విభజన సంకేత మొకటి దాగియున్నప్పుడు మాత్రమే, ఆనాటి ఐఓఎస్ 11.2.5లో అక్షరములను కూర్చి రూపమిచ్చు భాగము తడబడెను. ఆండ్రాయిడు ఫోనులను ఆ దోషము తాకలేదు.

కావున ప్రోగ్రాము కొందరికే నిలిచిపోవునపుడు, వాడుకరిని శంకింపక, నడచుచున్న యంత్రమును ఆగిన యంత్రమును పక్కపక్కన నుంచి, వెర్షనును, ఫాంటును, అందిన పాఠమును ఒక్కొక్కటిగా మార్చి పరీక్షింపవలెను. ఫిబ్రవరి 19న యాపిల్ సంస్థ 11.2.6ను వెలువరించి ఆ ఐఫోను దోషమును సరిదిద్దెను. దీనికి తెలుగు అక్షరదోషమను పేరు వ్యాపించుట అన్యాయము: బంగ్లా, దేవనాగరి లిపుల వర్ణక్రమములు కొన్నియు ఆ ఫోనులను అట్లే కూల్చినవి.