పరిటాల కొండరాయి నేలగా మారే తీరు

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే జాతీయ రహదారిపై పరిటాల పరిసరాలలో కొండలను పేల్చి, రాతిని కంకరగా మార్చే క్రషర్లు కనిపిస్తాయి. యంత్రం ఒక్క పూటలో రాతిని ముక్కలు చేస్తుంది. ప్రకృతి అదే పనికి వేల సంవత్సరాలు తీసుకుంటుంది. అయితే ఫలితాలు ఒకటి కావు. యంత్రం నుంచి వచ్చేది రాతిపొడి మాత్రమే. శిలాశైథిల్యం వల్ల ఏర్పడేది పంటకు ఆధారమైన నేల.

ఈ మెట్ట ప్రాంతంలో మాతృశిలలు ప్రధానంగా రెండు రకాలు. కొండపల్లి వైపు కొండలలో చార్నొకైట్, నైస్ వంటి గట్టి శిలలు ఉన్నాయి. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి విస్తరించి ఉంది. అక్కడి సిమెంటు కర్మాగారాలకు అదే ముడిసరుకు.

చార్నొకైట్ భూగర్భంలో అధిక పీడనం వద్ద రూపొందిన శిల. పైనున్న పొరలు కోతకు గురై బరువు తగ్గినప్పుడు అది వ్యాకోచించి, ఉపరితలానికి సమాంతరంగా పగుళ్లిస్తుంది. చలిదేశాలలో పగుళ్లలోని నీరు గడ్డకట్టి, ఘనపరిమాణంలో సుమారు 9 శాతం పెరిగి రాతిని చీలుస్తుంది. మన ప్రాంతంలో ఆ అవకాశం లేదు. ఇక మిగిలినది ఎండ. అయితే ఎండ ఒక్కటే చాలునా? 1936లో గ్రిగ్స్ అనే శాస్త్రవేత్త గ్రానైటు ముక్కను పొడి స్థితిలో 89,400 సార్లు వేడిచేసి చల్లార్చాడు. ఇది సుమారు 244 సంవత్సరాల పగలు, రాత్రులకు సమానం. చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. నీటితో చల్లార్చినప్పుడు మాత్రం కొద్దికాలంలోనే ఉపరితలం చెడటం మొదలైంది. ప్రకృతిలోని పెద్ద బండలకు ఈ చిన్న నమూనా పూర్తి ప్రతినిధి కాకపోయినా, నీటి పాత్రను ఇది స్పష్టం చేస్తుంది. పగుళ్లలోకి దిగిన వేప, రావి వేళ్లు వాటిని మరింత వెడల్పు చేస్తాయి.

ముక్కలు కావడం వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం ఉపరితల వైశాల్యం పెరగడం. ఒక సెంటీమీటరు ఘనపు రాయికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక మిల్లీమీటరు ఘనాలుగా విభజిస్తే 60. బంకమన్ను గరిష్ఠ పరిమాణమైన 0.002 మిల్లీమీటర్లకు చేరిస్తే 30,000 చదరపు సెంటీమీటర్లు, అంటే మూడు చదరపు మీటర్లు. నీరు, ఆమ్లాలు పనిచేయడానికి లభించే స్థలం అంతగా విస్తరిస్తుంది.

అక్కడినుంచి రసాయనిక శైథిల్యం ముందుకు సాగుతుంది. ఫెల్డ్‌స్పార్ జలవిశ్లేషణ చెంది బంకమన్నుగా మారుతూ పొటాషియం, కాల్షియం వంటి మూలకాలను విడుదల చేస్తుంది. ఇనుము గల ఖనిజాలు ఆక్సీకరణం చెంది ఎర్రచలకలకు రంగునిస్తాయి. క్వార్ట్జ్ లొంగక ఇసుకగా మిగులుతుంది. సున్నపురాయి మాత్రం కార్బానిక్ ఆమ్లం గల వాననీటిలో కరిగిపోతుంది. అందులోని కరగని మలినాలే నేలకు మూలమవుతాయి. క్షారమూలకాలు కొట్టుకుపోకుండా నిలిచే పల్లపు చోట్ల ఉబ్బే గుణం గల స్మెక్టైట్ ఏర్పడుతుంది. నందిగామ ప్రాంతంలో పత్తి, మిరప పండించే నల్లరేగడి వేసవిలో నెర్రెలు బారడానికి కారణం ఇదే.

రాతికీ నేలకూ నడుమ ఉండే సగం శిథిలమైన పొరే మొరం. వాననీరు లోపలికి ఇంకడానికీ, లోతుకు పోయే వేళ్లకూ అది దారి. రోడ్ల కోసం, ఇళ్ల స్థలాల మెరక కోసం దానిని తవ్వి తరలించిన పొలంలో పైమట్టిని తిరిగి పరచినా ఆ దారి తిరిగి రాదు. క్రషర్ పొడి దానికి ప్రత్యామ్నాయం కాదు. అందులో తాజా ఖనిజాలు ఉంటాయి గాని, బంకమన్ను, సేంద్రియ పదార్థం ఉండవు.

కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు భూసార పరీక్ష పత్రాన్ని చూడడంతోనే సరిపెట్టుకోరాదు. సమీపంలోని బావి ఒరను గాని, రోడ్డు కోతను గాని పరిశీలించి పైమట్టి ఎంత, మొరం ఎంత, రాయి ఎంత లోతున ఉందో కొలవాలి. మొరం అమ్మే ఆలోచనలో ఉన్న రైతుకు ఆ కొలతను చూపి, పోగొట్టుకోబోయేది ఏమిటో ముందుగానే వివరించాలి. తవ్విన తరువాత ఇచ్చే సలహా ఏదైనా ఆ పొరను తిరిగి తేలేదు.