మీకు తెలుసా? మాట ఎక్కడ తెగిందో వైర్‌షార్క్ చెబుతుంది!

ఇంటర్నెట్ ఫోన్‌కాల్‌లో మన మాట చిన్నచిన్న ముక్కలై వెళుతుంది. మాటను డిజిటల్‌గా మార్చే జీ.711 పద్ధతిలో సాధారణంగా 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్, అంటే సెకనుకు 50. మాటను మోసుకెళ్లే ఆర్‌టీపీ అనే నియమావళి ప్రకారం ప్రతి ప్యాకెట్ మీదా వరుస సంఖ్య, టైమ్‌స్టాంప్ ఉంటాయి. 1998లో జెరాల్డ్ కోంబ్స్ ‘ఎథీరియల్’గా విడుదల చేసిన, 2006లో వైర్‌షార్క్‌గా పేరు మారిన ఉచిత సాఫ్ట్‌వేర్ వాటినే చదివి లెక్క కడుతుంది. 4821 తర్వాత 4823 వచ్చి, 4822 ఎంతకీ రాకపోతే అది దారిలో పోయినట్టే. ప్యాకెట్లు వచ్చే వేళల్లో హెచ్చుతగ్గులే జిట్టర్. అది మితిమీరితే మాట తెగిపోతూ వినిపిస్తుంది.

ఇంకో గొప్ప సదుపాయం: పట్టుకున్న కాల్‌ను ‘టెలిఫోనీ’ మెనూలోంచి తిరిగి వినొచ్చు. అంటే ఎన్‌క్రిప్షన్ లేని కాల్‌ను దారిలో కాపుకాసినవాళ్లూ వినగలరు. మీ ఆఫీసు ఐపీ ఫోన్లలో మాటను ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌ఆర్‌టీపీ ఆన్‌లో ఉందో లేదో ఈరోజే కనుక్కోండి.