పొలమంటే చేదా?

మన హాస్టల్లో రైతుల పిల్లలు తక్కువేం కాదు. అయినా చదువయ్యాక వ్యవసాయం చేస్తావా అంటే నవ్వేస్తాం. వీళ్లకి ఒళ్లు వంగదు అంటారు పెద్దాళ్లు. (మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడేవాళ్లకి ఎండ భయమా?)

అసలు సంగతి లెక్కలో ఉంది. 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో రైతు కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో ఖర్చులు పోను పంట మీద మిగిలింది 3,798. కూలి, జీతాల మీద వచ్చింది 4,063. అంటే రైతింట్లో కూడా పొలం కంటే బయటి పనే ఎక్కువ తెస్తోంది.

కాలువ నీళ్లు పారే కోనసీమలోనే 2011లో ధర గిట్టుబాటు కాక రైతులు ఖరీఫ్ వరి మానేసి 'పంట విరామం' ప్రకటించారు. వాళ్లేం కుర్రాళ్లు కాదు, తరాలుగా వరి పండించినవాళ్లు.

"ఈ కష్టం నీకొద్దురా" అని మనల్ని కౌన్సెలింగ్‌కి బస్సెక్కించింది కూడా నాన్నలే కదా.