వ్యూఫైండర్‌లో షార్ప్, ఫొటోలో బ్లర్: అసలు ఈ ఫోకసింగ్ స్క్రీన్ కథేంటి?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా నానమ్మ అరుగు మీద కూర్చుని చేమంతి మాల కడుతోంది. నా చేతిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్, దానికి అడాప్టర్‌తో తగిలించిన పాత 50 ఎంఎం ఎఫ్/1.4 మాన్యువల్ లెన్స్. వ్యూఫైండర్‌లో కళ్లు క్లియర్‌గా కనిపించాకే క్లిక్ కొట్టా. అలా 40 ఫొటోలు తీశా. రాత్రి ల్యాప్‌టాప్‌లో జూమ్ చేసి చూస్తే మూడు తప్ప అన్నింట్లో కళ్లు బ్లర్, చెవి కమ్మలు మాత్రం షార్ప్! ఫొటో అంటేనే మొహం తిప్పుకునే మనిషి ఆ రోజు గంటసేపు ఒప్పుకుంది. అదే ఎక్కువ బాధనిపించింది.

ముందు నా కళ్లజోడు పవర్ మారిందేమో అనుకున్నా. తర్వాత లెన్స్ మీద అనుమానం వచ్చింది. చివరికి తేలిందేంటంటే, వ్యూఫైండర్ నాకు పూర్తి నిజం చూపించలేదు.

వ్యూఫైండర్‌లో మనం చూసేది ఏంటి?

లెన్స్ గుండా వచ్చిన వెలుతురు 45 డిగ్రీల్లో ఉన్న అద్దానికి తగిలి పైకి వెళ్తుంది. అక్కడ గరుకుగా ఉండే ఓ పల్చటి పలక మీద బొమ్మ పడుతుంది. దాన్నే ఫోకసింగ్ స్క్రీన్ అంటారు. సినిమా హాల్లో తెర లాంటిదన్నమాట. ఆ తెర మీది బొమ్మని పైనున్న ప్రిజం తిప్పి మన కంటికి చూపిస్తుంది.

ఆటోఫోకస్‌కి ఈ స్క్రీన్‌తో పని లేదు. మెయిన్ అద్దం కొంత వెలుతురుని వెనక్కి వదులుతుంది, వెనకున్న చిన్న అద్దం దాన్ని కింద ఉన్న ఏఎఫ్ సెన్సర్‌కి పంపుతుంది. అలా కొంత వెలుతురు పోతుంది కదా, దానికి తోడు చాలామంది వాడేది ఎఫ్/3.5-5.6 కిట్ లెన్స్. అందుకే కంపెనీలు వ్యూఫైండర్ చీకటిగా కనిపించకుండా స్క్రీన్‌ని బాగా బ్రైట్‌గా డిజైన్ చేశాయి. ఆ బ్రైట్‌నెస్ కోసం వదులుకున్నది ఫోకస్ కచ్చితత్వాన్ని.

ఇలాంటి స్క్రీన్ లెన్స్ అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురుని కంటిదాకా సరిగ్గా పంపలేదు. ఫలితంగా మీరు ఎఫ్/1.4 లెన్స్ పెట్టినా వ్యూఫైండర్‌లో కనిపించేది దాదాపు ఎఫ్/2.5, ఎఫ్/2.8 బొమ్మే. ఫుల్ ఫ్రేమ్‌లో 50 ఎంఎం లెన్స్‌తో 1.5 మీటర్ల దూరంలో ఎఫ్/1.4 దగ్గర షార్ప్‌గా వచ్చే లోతు సుమారు 7.5 సెంటీమీటర్లు. ఎఫ్/2.8 దగ్గర సుమారు 15. అంటే కంటికి 15 చూపించి, సెన్సర్ 7.5 మాత్రమే తీసుకుంటోంది. నానమ్మ కళ్లు పోయి కమ్మలు వచ్చింది అక్కడే!

నమ్మకం లేదా? మీ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌తో ట్రై చేయండి. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని అపర్చర్‌ని 1.8 నుంచి 2, 2.2 అలా మార్చండి. వ్యూఫైండర్‌లో పెద్దగా తేడా ఉండదు. 2.8 దాటాకే చీకటి పడటం స్పష్టంగా తెలుస్తుంది.

ఏ స్క్రీన్ ఎలా పనిచేస్తుంది?

స్ప్లిట్ ఇమేజ్: కెనాన్ ఏఈ-1, నికాన్ ఎఫ్ఎం2 లాంటి ఫిల్మ్ కెమెరాల మధ్యలో ఉండే గుండ్రటి భాగం ఇదే. ఎదురెదురు వాలుతో రెండు చిన్న ప్రిజంలు ఉంటాయి. ఫోకస్ తప్పితే బొమ్మ రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది, కుదిరితే కలిసిపోతుంది. తలుపు అంచు లాంటి నిలువు గీత దొరికితే సూపర్.

మైక్రోప్రిజం: బోలెడన్ని బుల్లి పిరమిడ్లు. ఫోకస్ తప్పితే అక్కడ బొమ్మ గళ్లుగళ్లుగా మెరుస్తుంది.

ప్రెసిషన్ మ్యాట్: ప్రిజంలు ఏమీ ఉండవు. కాస్త గరుకు ఎక్కువ, వెలుతురు తక్కువ, కానీ ఫోకస్ ఉన్నదున్నట్టు తెలుస్తుంది. కెనాన్ 5డీ మార్క్ 2, 6డీలకి వచ్చే ఈజీ-ఎస్ ఈ రకమే. ఫ్రేమ్‌లో ఏ మూలైనా ఫోకస్ చూసుకోవచ్చు కాబట్టి పోర్ట్రెయిట్లకి నా ఓటు దీనికే.

కొనే ముందు ఇవి చూసుకోండి

మీ మోడల్‌లో స్క్రీన్ మార్చే వీలుందా? 5డీ మార్క్ 2లో ఉంది, 5డీ మార్క్ 3లో కంపెనీ ఆ ఆప్షన్ తీసేసింది.

స్లో లెన్స్‌లే వాడతారా? అయితే వద్దు. సుమారు ఎఫ్/5.6 దగ్గర స్ప్లిట్ ఇమేజ్‌లో ఒక సగం నల్లబడుతుంది. ప్రెసిషన్ మ్యాట్ కూడా ఎఫ్/2.8 కన్నా స్లో లెన్స్‌తో చీకటిగా ఉంటుంది.

మీటరింగ్: ఈజీ-ఎస్ వేశాక కస్టమ్ ఫంక్షన్‌లో స్క్రీన్ రకం మార్చడం మర్చిపోతే ఎక్స్‌పోజర్ తేడా వస్తుంది. మధ్యలో ప్రిజం ఉంటే స్పాట్ మీటరింగ్‌నీ నమ్మలేం.

ఎత్తు: లెన్స్ నుంచి స్క్రీన్‌కి, లెన్స్ నుంచి సెన్సర్‌కి దూరం ఒకటే ఉండాలి. వెంట్రుకంత తేడా వచ్చినా ప్రతి ఫొటోలో ఫోకస్ ముందుకో వెనక్కో పోతుంది. బిగించాక పుస్తకాలని ఏటవాలు వరసలో నిలబెట్టి, మధ్య పుస్తకం మీద ఫోకస్ చేసి ఫొటో తీసి చూడండి. తేడా ఉంటే షిమ్ అనే పల్చటి పట్టీతో సరిచేయాలి.

శుభ్రం: స్క్రీన్ మెత్తటి ప్లాస్టిక్, ఇట్టే గీతలు పడతాయి. వేలు, గుడ్డ, లిక్విడ్ ఏదీ తగలనివ్వొద్దు. దుమ్ముంటే బ్లోయర్‌తో ఊదండి, అంతే.

మరి కొనాలా, వద్దా?

కదలని వస్తువులు తీసేవాళ్లకి అక్కర్లేదు. ట్రైపాడ్ మీద పెట్టి లైవ్ వ్యూలో 10 రెట్లు జూమ్ చేస్తే దానికన్నా కచ్చితమైన ఫోకస్ ఉండదు. కొత్త కెమెరా కొనే బడ్జెట్ ఉంటే ఫోకస్ పీకింగ్ ఉన్న మిర్రర్‌లెస్ చూసుకోండి. కానీ స్క్రీన్ మార్చుకోగలిగే పాత డీఎస్ఎల్ఆర్ మీ దగ్గరే ఉండి, ఎఫ్/2 లోపు మాన్యువల్ లెన్స్‌తో మనుషుల్ని తీస్తుంటే, ముందు మార్చాల్సింది స్క్రీనే.

ప్రెసిషన్ మ్యాట్ వేసుకుని ఉగాదికి మళ్లీ ఊరెళ్లా. వ్యూఫైండర్ కాస్త డల్ అయింది, ఫోకస్ పట్టడానికి టైమూ పడుతోంది. “ఇంకా ఎన్ని తీస్తావురా?” అని నానమ్మ విసుక్కుంది కూడా. ఈసారి 40లో సగానికి పైగా కళ్లు షార్ప్. మిగతావి మాత్రం పూర్తిగా నా తప్పే.